నెల్లూరు తీరంలో ఔషధ మొక్కల సాగు, గ్రామీణ ఉపాధి

ఔషధ మొక్కల సాగు ఒక ఊళ్లో ఎంతమందికి పని చూపిస్తుందన్నది ప్రధానంగా మూడింటిని బట్టి ఉంటుంది. మొదటిది నేల. రెండోది వానలు పడే కాలం. మూడోది, కోసిన సరుకు ఎక్కడ ఎండుతుంది, ఎవరి చేతికి చేరుతుంది అన్నది. నెల్లూరు తీరంలో ఈ మూడూ తెలుగు రాష్ట్రాల్లోని మిగతా ప్రాంతాల కంటే వేరుగా ఉంటాయి. అందుకే రాయలసీమకో తెలంగాణ చెలకలకో పనికొచ్చిన సలహాలను ఇక్కడ ఉన్నవున్నట్టు అమలు చేసినప్పుడల్లా రైతు నష్టపోయాడు, కూలీకి దక్కాల్సిన పని దక్కలేదు.

ఈ తీరపట్టీ ఉత్తరాన కావలి, బోగోలు దగ్గర మొదలై అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, చిల్లకూరు, కోట, వాకాడు మండలాల మీదుగా పులికాట్ సరస్సు, శ్రీహరికోట, తడ వరకు సాగుతుంది. 2022 నాటి జిల్లాల పునర్విభజనలో సూళ్లూరుపేట వైపు భాగం తిరుపతి జిల్లాలో కలిసింది. అయినా నేల స్వభావంలోనూ జనం బతుకుతెరువులోనూ ఇదంతా ఒకే ప్రాంతం. సముద్రం నుంచి లోపలికి వస్తుంటే మొదట ఇసుక దిబ్బలు, వాటి మీద సరుగుడు, జీడిమామిడి తోటలు కనిపిస్తాయి. తర్వాత ఉప్పుటేర్లు, బకింగ్‌హాం కాలువ, వాటి పక్కన ఉప్పు తేలిన పర్ర భూములు, రొయ్యల చెరువులు. ఆపైన పెన్నా, స్వర్ణముఖి నీటి కింద వరి పొలాలు. ఔషధ మొక్కల విషయంలో ముఖ్యమైనది మొదటి పట్టీ, అంటే ఇసుక మెరక. వరికి పనికిరాని ఈ నేలలో చాలా భాగం పేదల చేతిలో ప్రభుత్వం ఇచ్చిన డీకేటీ పట్టాలుగా, వాటి లాంటి చిన్న కమతాలుగా ఉంది.

జిల్లాలో ఏడాదికి సగటున 1,080 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో 60 శాతం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వీచే ఈశాన్య రుతుపవనాల వల్ల కురిసేదే. తుఫాన్లు కూడా ఎక్కువగా ఆ నెలల్లోనే వస్తాయి. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర, 1989 నవంబరులో కావలి దగ్గర తీవ్ర తుఫాన్లు తీరం దాటాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినా నెల్లూరు జిల్లాను వానల్లో ముంచింది. జూన్, జూలైలలో విత్తి శీతాకాలంలో కోసే పంటల పట్టికలు దేశంలో ఎక్కువ ప్రాంతాలకు సరిపోతాయి. నెల్లూరు తీరంలో ఆ పట్టిక ప్రకారం వేసిన పంట కోతకొచ్చేసరికి నెత్తిన తుఫాను ఉంటుంది. ఆకు ఎండాల్సిన రోజుల్లో ఎండే ఉండదు. ఇక్కడి అసలు పొడి కాలం జనవరి నుంచి మే వరకు. ఔషధ పంటల ఎంపిక ఈ లెక్క నుంచే మొదలు కావాలి.

కూలి పనుల క్యాలెండర్ కూడా ఈ ఎంపికను నిర్ణయిస్తుంది. ఒకప్పుడు డెల్టాలోని వరి కోతలు, నూర్పిళ్లు తీర గ్రామాల కూలీలకు వారాల తరబడి పని ఇచ్చేవి. వరికోత యంత్రాలు వచ్చాక ఆ పని రోజుల్లోకి కుదించుకుపోయింది. రెండో పంటగా వేసే ఎడగారు వరి అన్ని ఏళ్లూ ఉండదు, నీళ్లున్న ఏడాదే ఉంటుంది. రొయ్యల చెరువులు 1990 దశకం తొలి ఏళ్ల నుంచి విస్తరించాయి. అక్కడ కాపలాకు, మేత వేయడానికి కొద్దిమంది మగవాళ్లు చాలు. వరి నాట్లలోనూ కలుపు తీతలోనూ పదుల సంఖ్యలో పనిచేసిన ఆడవాళ్లకు చెరువు గట్టు మీద పని లేదు. వరి కోతలు అయిపోయిన మార్చి నుంచి వేసవి చివరి దాకా ఉండే ఖాళీయే ఈ తీరంలో గ్రామీణ నిరుద్యోగానికి అసలు రూపం. ఔషధ పంటలు నింపగలిగిందీ ఈ ఖాళీనే.

చిరివేరు నుంచి నేర్వాల్సింది

ఇసుక నేలలో వేరు తవ్వి బతకడం ఈ తీరానికి కొత్త కాదు. కోరమాండల్ తీరపు అద్దకపు బట్టలకు ఎర్ర రంగునిచ్చిన చిరివేరు ఈ ఇసుకల్లోనే పెరిగింది. ఓల్డెన్‌లాండియా అంబెల్లాటా అనే ఈ చిన్న మొక్కను వైద్యంలో దగ్గుకూ ఉబ్బసానికీ కూడా వాడారు. డచ్చివారు 17వ శతాబ్ది మొదట్లో పులికాట్‌లో స్థిరపడినా, ఇంగ్లీషువారు మద్రాసుకు ముందు 1626 ప్రాంతంలో దుగరాజపట్నం దగ్గర ఆర్మగాన్ పేరుతో వర్తక స్థావరం పెట్టుకున్నా, వాళ్ల చూపు అద్దకపు బట్టల మీదే. ఆ బట్ట వెనుక నేతగాడు, అద్దకందారుతో పాటు వేరు తవ్వే కూలీ కూడా ఉన్నాడు. చరిత్ర పుస్తకాల్లో అతనికి దొరికిన చోటు చాలా తక్కువ.

శ్రీహరికోట దీవిలో ఈ పని చేసినవారు యానాది గిరిజనులు. 1835లో దీవి ఈస్టిండియా కుంపిణీ ప్రభుత్వం చేతికి వచ్చాక అడవి సరుకు సేకరణ ప్రభుత్వ ఏర్పాటుగా మారింది. యానాదులు చిరివేరు, తేనె, ముష్టి గింజలు, సుగంధిపాల వేర్లు తెచ్చి ఇస్తే బదులుగా ధాన్యమో కొద్దిపాటి డబ్బో ముట్టేది. మొక్కను గుర్తుపట్టేది వాళ్లు, ఎప్పుడు తవ్వాలో తెలిసింది వాళ్లకు. ధర మాత్రం వాళ్ల చేతిలో ఎన్నడూ లేదు.

1868లో జర్మనీలో గ్రేబె, లీబర్మన్ అనే రసాయన శాస్త్రజ్ఞులు ఎర్ర రంగుకు మూలమైన అలిజారిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. కొద్ది ఏళ్లలోనే కృత్రిమ రంగు అగ్గువగా మార్కెట్లను నింపింది. చిరివేరు తవ్వకం ఒక వృత్తిగా క్రమంగా కనుమరుగైంది. దూరాన ఒకే పరిశ్రమ, ఒకే రసాయనం మీద ఆధారపడిన మొక్క ఎంత పని కల్పించినా ఆ పనికి భద్రత ఉండదని ఈ అనుభవం స్పష్టంగా చెబుతుంది. ఔషధ మొక్కల సాగు ప్రచారంలో దీన్ని గుర్తుచేసేవారు అరుదు. గుర్తుచేయడం అవసరం. మందు కోసం ఒకే రసాయనం తీసే మొక్కలన్నింటికీ ఇలాంటి ముప్పు ఎప్పుడూ పొంచి ఉంటుంది.

అడవి నుంచి చేలోకి

జాతీయ ఔషధ మొక్కల బోర్డు 2000 నవంబరులో ఏర్పడింది. అది 2017లో వెలువరించిన అధ్యయనం ప్రకారం దేశంలో 1,178 రకాల ఔషధ మొక్కలు వ్యాపారంలో ఉన్నాయి. వాటిలో 242 రకాలు ఏటా 100 టన్నులకు పైగా అమ్ముడవుతాయి. 2014-15లో మొత్తం వినియోగం 5,12,000 టన్నులు. పెద్ద మొత్తంలో అమ్ముడయ్యే ఈ రకాల్లో సుమారు 70 శాతం ఇంకా అడవుల నుంచీ బంజర్ల నుంచీ ఏరి తెచ్చినవే. సాగులో ఉన్నవి కొద్ది. అందువల్ల ఔషధ మొక్కల ఉపాధి అనగానే సాగు ఒక్కదాన్నే లెక్కించడం సరికాదు. ఏరుకొచ్చే పని చేసేవారి సంఖ్య ఇంకా ఎక్కువ.

నెల్లూరు తీరంలో ఏరే సరుకుకు కొదవ లేదు. పల్లేరుకాయలు, తుంగముస్తలు, గలిజేరు, నేల ఉసిరి, ఉత్తరేణి, తిప్పతీగ ఊరి చుట్టే దొరుకుతాయి. పొదల్లో సుగంధిపాల, పిల్లిపీచర, పొడపత్రి ఉంటాయి. శ్రీహరికోటలో మిగిలిన శుష్క సతతహరిత అడవి ఈ మొక్కలకు పుట్టిల్లు. అయితే 1969లో రాకెట్ కేంద్రం కోసం దీవిని ఎంపిక చేశాక అక్కడికి రాకపోకల మీద ఆంక్షలు వచ్చాయి. బయట సరుగుడు, జామాయిల్ తోటలు, రొయ్యల చెరువులు పెరిగేకొద్దీ ఏరుకునే నేల తరిగిపోయింది. వేరు తవ్వితే మొక్క చస్తుంది. సుగంధిపాల, పిల్లిపీచర ఊరి దగ్గర కనపడకుండా పోవడానికి కారణం ఇదే. ఆకు, కాయ, తీగ ఏరుకోవడం కొనసాగవచ్చు. వేరు సరుకు మాత్రం చేలోకి రాక తప్పదు.

ఏరే పనిలో ఇంకో చిక్కు గుర్తింపు. మందులో పునర్నవగా వాడవలసిన ఎర్ర గలిజేరు వేరుకు బదులు దాన్ని పోలిన తెల్ల గలిజేరు కలిసిపోతుంది. నేల ఉసిరిలోనూ దగ్గరి జాతులు కలుస్తాయి. ఇలాంటి సరుకును కంపెనీ తిప్పి పంపితే నష్టం ఏరినవాళ్ల నెత్తినే పడుతుంది. యానాది పెద్దలకు ఈ తేడాలు బాగా తెలుసు. పాము కాటు మందుల కోసం చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తరతరాలుగా వారి దగ్గరికే వెళ్లారు. ఆ పరిజ్ఞానానికి కూలి లెక్కలో విలువ కట్టిన ఏర్పాటు ఇంతవరకు లేదు. సరుకు నాణ్యత తనిఖీ అనే పని వేరే ఎవరికో జీతమిచ్చి అప్పగించేకంటే, తెలిసిన యానాది స్త్రీ పురుషులకు శిక్షణ ఇచ్చి వారికే అప్పగించడం న్యాయమూ లాభమూ కూడా.

ఈ ఇసుకకు ఒప్పే పంటలు

వట్టివేరు ఈ నేలకు అన్నిటికంటే బాగా నప్పే పంట. గడ్డి జాతికి చెందిన ఇది ఉప్పును, ఎండను, కొన్నాళ్ల నీటి ముంపును కూడా తట్టుకుంటుంది. బరువు నేలలో వేరు తవ్వడం మనిషిని విరిచేసే పని, తవ్వినా సగం తెగి నేలలోనే ఉండిపోతుంది. ఇసుకలో వేరు పొడవుగా సాగుతుంది, తెగకుండా వస్తుంది, కడిగితే మట్టి వదిలిపోతుంది. తమిళనాడులో కడలూరు తీరంలో, ఆంధ్రలో బాపట్ల వైపు ఇసుక నేలల్లో దీన్ని సాగు చేయడానికి కారణం ఈ సౌలభ్యమే. పిలకలు నాటిన 12 నుంచి 18 నెలలకు తవ్వుతారు. లక్నోలోని కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ సీమాప్ విడుదల చేసిన సిమ్-వృద్ధి లాంటి రకాలు ఏడాదిలోనే తవ్వకానికి వస్తాయి. ఎకరాకు 600 కిలోల నుంచి టన్ను దాకా ఎండు వేరు, దాని నుంచి 6 నుంచి 10 కిలోల నూనె వస్తుంది. తవ్వకానికి అనువైన కాలం జనవరి, ఫిబ్రవరి. ఆ తవ్వకం, దులపడం, కడగడం, కట్టలు కట్టడం అంతా చేతి పని. ఈ పంటలో కూలి ఖర్చు ఎక్కువని రైతులు వెనకాడతారు. ఉపాధి కోణంలో చూస్తే అదే దీని గుణం. నూనె తీయని వేరుతో తడికలు, చాపలు, విసనకర్రలు అల్లవచ్చు. ఆ పని ఇంటి పట్టునే సాగుతుంది.

సునాముఖి, అంటే నేలతంగేడు, రెండో మంచి పంట. తిరునెల్వేలి, తూత్తుకుడి జిల్లాల మెట్ట నేలల్లో ఇది తరాలుగా పండుతోంది. విరేచనకారిగా ప్రపంచమంతా వాడే ఆకు, కాయ తూత్తుకుడి రేవు నుంచి ఎగుమతి అవుతాయి. తీగలా పాకని చిన్న పొద. పశువులు ముట్టవు. కంచె లేని పేద రైతుకు ఇది చిన్న మేలు కాదు. నీరు నిలిస్తే మాత్రం చచ్చిపోతుంది, కోసిన ఆకు మీద వాన పడితే నల్లబడి ధర పడిపోతుంది. నెల్లూరు తీరంలో దీన్ని ఈశాన్య వానలు వెనకబట్టాక, డిసెంబరు చివర నుంచి జనవరి లోపు విత్తితే నేలలోని తేమతో మొలుస్తుంది. విత్తిన రెండు నెలలకు మొదటి ఆకు కోత, తర్వాత నెలకొకటి చొప్పున మరో రెండు కోతలు వస్తాయి. మూడు కోతలూ మార్చి నుంచి మే లోపు, సరిగ్గా కూలి పని లేని కాలంలోనే పడతాయి. నీరు పెట్టకపోతే ఎకరాకు 400 కిలోల ఎండాకు, పెడితే 600 నుంచి 800 కిలోలు. ఆకును నీడలో పలచగా పరిచి వారం పది రోజులు తిప్పుతూ ఆరబెట్టాలి. ఆకుపచ్చ రంగు నిలిస్తేనే ఎగుమతి గ్రేడు.

బిళ్ళగన్నేరు ఈ ఇసుకల్లో ఎవరూ నాటకుండానే పూస్తుంది. 1958లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ దీని ఆకు నుంచి విన్‌బ్లాస్టిన్‌ను వేరు చేశారు. తర్వాత అదే ఆకు నుంచి విన్‌క్రిస్టిన్ వచ్చింది. పిల్లల్లో రక్త క్యాన్సర్ చికిత్సను మార్చేసిన మందు అది. ఒక గ్రాము మందుకు వందల కిలోల ఎండాకు కావాలి. వేరు నుంచి అజ్మలిసిన్ అనే రక్త ప్రసరణ మందు తీస్తారు. వానాధారంగా ఎకరాకు సుమారు 800 కిలోల ఎండాకు, 300 కిలోల వేరు వస్తాయి. సీమాప్ వారి నిర్మల్, ధవళ్ రకాలు సాగుకు ఉన్నాయి. ఉప్పు తగిలినా ఓర్చుకుంటుంది, ఖర్చు తక్కువ. కానీ దీన్ని కొనేవారు దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. పైగా ఇది విష లక్షణాలున్న ఆకు, పశువులకూ మనుషులకూ ప్రమాదం. కొనుగోలు ఒప్పందం చేతిలో లేకుండా ఒక్క ఎకరం కూడా వేయకూడని పంట ఇది.

నిమ్మగడ్డి, పామారోజా ఔషధం కంటే సుగంధ పరిశ్రమకు దగ్గర. ఒకసారి నాటితే నాలుగైదేళ్లు ఉంటాయి, ఏడాదికి మూడు నుంచి ఐదు కోతలు వస్తాయి. తుఫాను గాలికి పడిపోయినా మళ్లీ చిగురిస్తాయి. కోసిన గడ్డి నుంచి అప్పటికప్పుడు ఆవిరితో నూనె తీయాలి కాబట్టి దగ్గరలో యూనిట్ ఉంటేనే సాగు. రెండు మూడు గంటల్లో ఒక దఫా నూనె వస్తుంది. అదే యూనిట్‌లో వట్టివేరు వేస్తే రోజంతా పడుతుంది. సరుగుడు పుల్ల దండిగా దొరికే ఈ ప్రాంతంలో బాయిలరుకు వంటచెరకు కరువు లేదు. యూనిట్ దగ్గర నలుగురైదుగురికి స్థిరమైన పని ఉంటుంది. కోత వరకు చూస్తే ఇది మిగతావాటి కంటే తక్కువ కూలీలతో అయిపోయే పంట. 2017 ప్రాంతంలో మొదలైన సీఎస్‌ఐఆర్ అరోమా మిషన్ ద్వారా హైదరాబాదులోని సీమాప్ కేంద్రం ఇలాంటి పంటలను తెలుగు రాష్ట్రాల్లో ప్రోత్సహిస్తోంది.

నేలవేము, తులసి చిన్న కమతాలకు, సరుగుడు మొక్కల వయసు తక్కువగా ఉన్నప్పుడు వరుసల మధ్యకు పనికొస్తాయి. తమిళనాడులో డెంగీ, చికున్‌గున్యా జ్వరాల కాలంలో నేలవేము కషాయానికి గిరాకీ పెరిగింది. నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్ల దూరం. ఆ గిరాకీని అందుకోవడానికి ఇది పెద్ద దూరం కాదు.

ఇక్కడ ఒప్పని పంటల గురించి కూడా చెప్పాలి. అశ్వగంధ అనంతపురం, కర్నూలు లాంటి పొడి జిల్లాలకు బాగుంటుంది. నెల్లూరు తీరంలో ఆగస్టులో విత్తిన అశ్వగంధ వేరు ఊరే కాలంలో తుఫాను వానకు కుళ్లుతుంది. సఫేద్ ముస్లి కథ అంతకంటే బాధాకరం. 2000 దశకం తొలి ఏళ్లలో లక్షల లాభం అంటూ దుంప విత్తనాన్ని విపరీతమైన ధరకు అంటగట్టారు. కొత్త రైతులు విత్తనం కొంటున్నంత కాలమే ధర నిలిచింది. విత్తనం అమ్మేవాళ్లు ఆగిపోగానే సరుకు కొనేవాడు కనపడలేదు. తర్వాత వేరే మొక్కల పేరుతోనూ ఇదే జరిగింది. మొక్క అమ్మేవాడే తిరిగి కొంటానని నోటి మాట ఇస్తే దాన్ని కొనుగోలు హామీగా లెక్కించకూడదు.

పని ఎక్కడ పుడుతుంది

ఔషధ పంటల్లో చేలో దొరికే పని కంటే చేను దాటాక దొరికే పని ముఖ్యం. దుక్కి, నీరు, కలుపు ఏ పంటకైనా ఉన్నవే. ఆకు దూయడం, ఆరబెట్టడం, తిప్పడం, పుల్ల ఏరడం, జల్లెడ పట్టడం, గ్రేడు చేయడం, తేమ చూసి గోతాల్లో నింపడం ఈ పంటలకు ప్రత్యేకం. ఎండిన సరుకులో తేమ 8 నుంచి 10 శాతం దాటితే బూజు పడుతుంది. బూజు పడిన ఆకులో విష పదార్థాలు పరిమితికి మించాయని తేలితే లారీ మొత్తం వెనక్కి వస్తుంది. ఈ పనులన్నీ నేర్పుతో కూడినవి. వరి పొలంలో కూలి తక్కువ పొందే స్త్రీలకు నేర్పుకు తగిన కూలి అడిగే అవకాశం ఇక్కడుంది. పచ్చి ఆకును దళారికి చేలోనే తూకమేసి అమ్మేస్తే ఈ పని, దీని కూలి రెండూ చెన్నైకో విరుదునగర్‌కో వెళ్లిపోతాయి. ఊళ్లో మిగిలేది నాలుగు రోజుల కోత కూలి మాత్రమే.

ఆరబెట్టడానికి చోటు ఈ తీరంలో పెద్ద సమస్య. సముద్రపు గాలిలో తేమ, ఉప్పు ఎక్కువ. ఆరుబయట ఇసుక మీద పరిస్తే ఇసుక అంటుతుంది. తారు రోడ్డు మీద పరిస్తే చెత్త కలుస్తుంది. రేకుల షెడ్డు, వెదురు తట్టలు, గాలి ఆడే అరలు ఉంటే చాలు. సౌర ఆరబెట్టు యంత్రం ఉంటే ఇంకా మంచిది. తీర గ్రామాల్లో తుఫాను రక్షణ భవనాలు ఏడాదిలో ఎక్కువ నెలలు ఖాళీగా ఉంటాయి. జనవరి నుంచి మే వరకు వాటి మేడలను, వరండాలను మహిళా సంఘాలకు ఆకు ఆరబెట్టుకోవడానికి ఇవ్వడం ఖర్చు లేని ఉపకారం. వానల కాలానికి ముందే ఖాళీ చేయించే షరతు ఉంటే భవనాల అసలు ప్రయోజనానికి అడ్డు రాదు.

నారుమళ్లు మరో పని వనరు. తీరపు ఇసుకలో కొద్ది లోతులోనే మంచినీటి పొర ఉంటుంది, దాని కింద ఉప్పునీరు. బోరు వేసి లోతుగా తోడితే ఉప్పు పైకి వస్తుంది. పూర్వం నుంచి రైతులు దొరువులు తవ్వి ఆ పైపొర నీటినే కుండలతో చేది మొక్కలకు పోశారు. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం ఈ దొరువును మెరుగుపరచి, చుట్టూ చిల్లుల గొట్టాలు పరిచి పైనీటిని మాత్రమే కూడబెట్టే పద్ధతిని రూపొందించింది. ఒక దొరువు కింద వట్టివేరు పిలకలు, నేలవేము నారు, పొడపత్రి, తిప్పతీగ కొమ్మ మొక్కలు పెంచవచ్చు. సరుగుడు నారు పెంచి అమ్మడంలో ఈ తీరపు స్త్రీలకు ఇప్పటికే చేయి తిరిగింది. అదే చేతితో ఔషధ మొక్కల నారు పెంచడానికి కొత్తగా నేర్చుకోవాల్సింది కొంచెమే. ఎకరం భూమి కూడా లేని కుటుంబానికి అందుబాటులో ఉండే వ్యాపారం ఇది.

కొనేవారు, నిబంధనలు, ఆదరువు

మార్కెట్ విషయంలో నెల్లూరు తీరానికి దూరం సమస్య కాదు. చెన్నై పార్క్‌టౌన్‌లోని నాటుమందుల అంగళ్లు, 1944లో వైద్యుల సహకార సంఘంగా పుట్టిన చెన్నైలోని ఇంప్‌కాప్స్ ఔషధ తయారీ సంస్థ, తిరుపతి దగ్గర నరసింగాపురంలోని తిరుమల తిరుపతి దేవస్థానాల ఆయుర్వేద ఫార్మసీ అన్నీ అర్ధరోజు ప్రయాణంలో ఉన్నాయి. లోపమల్లా సరుకు పరిమాణం, నమ్మకం. కంపెనీకి ఒకే నాణ్యత ఉన్న సరుకు టన్నుల్లో, చెప్పిన తేదీకి కావాలి. అర ఎకరం రైతు దగ్గర రెండు వందల కిలోలు ఉంటుంది. మధ్యలో పోగుచేసే సంఘం లేకపోతే ఆ చోటును దళారి ఆక్రమిస్తాడు. అడ్వాన్సు ఇచ్చి కట్టిపడేస్తాడు. రైతు ఉత్పత్తిదారుల సంఘం ఉన్నచోట ఈ పని సంఘమే చేయగలదు, పరీక్ష ఖర్చును అందరూ పంచుకోగలరు.

నాణ్యతకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో, జాతీయ ఔషధ మొక్కల బోర్డు 2009లో మంచి సాగు, సేకరణ పద్ధతుల నియమాలు ప్రకటించాయి. పురుగుమందుల అవశేషాలు, భార లోహాలు, సూక్ష్మజీవుల పరీక్షలు వాటిలో ఉన్నాయి. రొయ్యల చెరువుల వ్యర్థ జలం పారే కాలువ పక్కన ఔషధ పంట వేయడం ఈ నియమాల ప్రకారం చూసినా, మామూలు బుద్ధితో చూసినా తప్పే. తీరంలో చెరువుల విస్తరణ మీద 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ఆ తర్వాత 2005లో వచ్చిన తీర ప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం ఉన్నా, చెరువు పక్కన ఉన్న చిన్న రైతు బావిలో ఉప్పు చేరితే అతనికి పంట మార్చుకోవడం మినహా దారి దొరకడం లేదు. వట్టివేరు, బిళ్ళగన్నేరు ఆ ఉప్పును కొంతవరకు భరిస్తాయి. అంతమాత్రాన ఉప్పు చేరనివ్వడం సరైన విధానం అయిపోదు.

సర్కారు సాయం హెచ్చుతగ్గులతో నడిచింది. జాతీయ ఆయుష్ మిషన్ కింద మొక్క అరుదైనదా, ముప్పులో ఉన్నదా అన్నదాన్ని బట్టి సాగు ఖర్చులో 30, 50, 75 శాతం రాయితీ ఉండేది. 2020 మే నెలలో ఆత్మనిర్భర్ ప్యాకేజీలో ఔషధ మొక్కల సాగుకు 4,000 కోట్ల రూపాయలు, 10 లక్షల హెక్టార్ల లక్ష్యం ప్రకటించారు. రాష్ట్రంలో ఔషధ, సుగంధ మొక్కల బోర్డు, వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం సాంకేతిక సలహా ఇస్తాయి. ఇన్ని ఉన్నా రాయితీ నాటేటప్పుడే అందుతుంది. ఆరబెట్టే షెడ్డుకు, తేమ కొలిచే పరికరానికి, గోడౌనుకు డబ్బు దొరకడం కష్టం. ఎక్కువ పని పుట్టే చోటనే సాయం తక్కువగా ఉంది.

ఇంకో అడ్డంకి భూమి కాగితాలు. ఇసుక మెరకలో సాగు చేసేవారిలో కౌలుదారులు, పాత సొసైటీ భూముల్లో తరాలుగా ఉన్నవారు చాలామంది. పట్టా పేరు ఒకరిది, చెమట ఇంకొకరిది. రాయితీ పట్టా చూసి ఇస్తారు కనుక దున్నేవాడికి చేరదు. జీవ వైవిధ్య చట్టానికి 2023లో వచ్చిన సవరణ సాగుచేసిన ఔషధ మొక్కలకు లాభాల పంపిణీ నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చింది. సాగు చేసిందేనని స్థానిక జీవ వైవిధ్య నిర్వహణ కమిటీ ధ్రువపత్రం ఇవ్వాలి. పంచాయతీల్లో ఈ కమిటీలు కాగితం మీదే ఉన్నచోట ఆ పత్రం కోసం రైతు తిరగక తప్పదు. పైగా ఈ మినహాయింపు ఏరి తెచ్చే యానాదులకు ఉపయోగపడదు. అడవి నుంచి ఏరిన సరుకును సాగు సరుకుగా చూపించే వ్యాపారి వల్ల వారికి రావాల్సిన వాటా పోయే ప్రమాదం కూడా ఉంది.

యానాదుల హక్కుల కోసం జీవితమంతా పనిచేసిన నెల్లూరువాసి వెన్నెలకంటి రాఘవయ్య 1962లో ప్రచురించిన ‘ది యానాదీస్’ గ్రంథం వారి జీవనాన్ని వివరంగా నమోదు చేసింది. వారి కోసం నెల్లూరులో ప్రత్యేక సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ ఉంది. అటవీ హక్కుల చట్టం 2006 చిన్న అటవీ ఉత్పత్తుల మీద గిరిజనులకు యాజమాన్య హక్కు ఇచ్చింది. 2018లో మొదలైన వన్‌ధన్ కేంద్రాల పథకం సుమారు 300 మంది సేకరణదారులను ఒక గుంపుగా చేర్చి శుద్ధి పరికరాలు ఇవ్వాలని ఉద్దేశించింది. తీరంలోని యానాదులు కొండ గిరిజనుల్లా ఒకే చోట గుమిగూడి ఉండరు. ప్రతి ఊరి చివర పది ఇరవై గుడిసెలుగా చెదిరి ఉంటారు. కొండ ప్రాంతానికి రాసిన పథకం వారికి చేరకపోవడానికి ముఖ్య కారణం ఇది. నాలుగైదు ఊళ్ల యానాది కుటుంబాలను ఒక ఆరబెట్టు షెడ్డు చుట్టూ కలపడం వారి నివాస పద్ధతికి సరిపోయే మార్గం.

సంఘంగా కూడటం ఈ జిల్లా స్త్రీలకు కొత్త కాదు. 1991-92లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం, దాని వెంటనే రోజుకు రూపాయి పొదుపుతో పెరిగిన పొదుపులక్ష్మి సంఘాలు ఇక్కడే పుట్టాయి. ఔషధ పంటలకు కావలసిన పెట్టుబడిలో ఎక్కువ భాగం సామూహికంగా వాడుకునే షెడ్డు, తూకం, గోడౌను. సంఘం ఉమ్మడిగా అప్పు తీసుకుని కట్టుకోగలిగినవి ఇవి.

ఈ పంటలను కలిపి వేస్తే కూలి కుటుంబానికి ఏడాది ఇలా గడుస్తుంది. జనవరి, ఫిబ్రవరిలో వట్టివేరు తవ్వకం, కడగడం, అదే సమయంలో సునాముఖి చేలో కలుపు. మార్చి నుంచి మే వరకు సునాముఖి ఆకు కోత, ఆరబెట్టడం. జూన్, జూలైలలో సరుకు గ్రేడు చేసి పంపడం, వట్టివేరు తడికల అల్లకం. ఆగస్టు, సెప్టెంబరులో పల్లేరు, నేల ఉసిరి, గలిజేరు సేకరణ, నారుమళ్ల పని. అక్టోబరులో వానలు మొదలయ్యాక పిలకల నాట్లు. నవంబరు, డిసెంబరు తుఫాను నెలల్లో చేతి పని దాదాపు ఉండదు. ఆ రెండు నెలల లోటును ఏ ఔషధ పంటా తీర్చలేదు. ఆ కాలానికి ఉపాధి హామీ పనులో, డెల్టాలో వరి నాట్లో మాత్రమే ఆధారం.